ఇరవై రెండు నీలం కుర్చీలు

రేషన్ ఆఫీసు గుమాస్తా గారికి,

కొండ మీది గూడెం నుంచి, చీపుళ్ళు కట్టే పెద్దమ్మ దండాలు పెట్టి రాసేది. మేమంతా క్షేమం అని మొదట రాయాలట గానీ, అది రాస్తే మీరు నిజమనుకుంటారేమోనని భయం. రెండు నెలలుగా మా ఇరవై రెండు ఇళ్ళకీ గింజలు ఆగిపోయాయి. రేషన్ కొట్టాయన్ని అడిగితే "మీరు బాగుపడ్డారట, కాగితం వచ్చింది" అన్నాడు. వానలు ముంచుకొస్తున్నాయి బాబూ. వానల్లో చీపురు గడ్డి దొరకదు, అమ్ముకోడానికి ఇంకేమీ ఉండదు. ఆ గింజలే మాకు ఆధారం.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క.: బాగుపడ్డ సంగతి మాకు ముందే చెప్పుంటే, ఒక పూటైనా సంతోషించేవాళ్ళం కదా.

---

పెద్దమ్మ గారికి,

తెలియజేయునది ఏమనగా, మా సర్వేయరు రాసిన ప్రకారం మీ గూడెంలో ప్రతి ఇంట్లో ఒక నీలం కుర్చీ, ఒక సైకిలు, ఒక గోడ గడియారం ఉన్నాయి. ఈ మూడూ ఉంటే అది పేదిల్లు కాదని రూలు. రూలు నేను పెట్టలేదు. కుర్చీలన్నిటికీ ఎడమ చెయ్యి విరిగి, తీగతో కట్టి ఉందని కూడా రాశాడు. టోకున కొన్నారు కాబోలు.

ఇట్లు,
గుమాస్తా

తా.క.: ఇరవై రెండు గడియారాలూ సరిగ్గా నాలుగూ పదే చూపిస్తున్నాయట. మా ఆఫీసులో ఉన్న రెండిటికే పొంతన లేదు. మీ క్రమశిక్షణ మెచ్చుకోవాలి.

---

గుమాస్తా బాబుకి,

ఓరి నాయనో! ఉన్నది ఒకటే కుర్చీ బాబూ. ఇంటికొచ్చిన మనిషిని కటిక నేల మీద కూర్చోబెడితే మాకు తలకొట్టేసినట్టే. అందుకని గూడెమంతా కలిసి కొన్నాం. ఏ ఇంటికి మనిషొస్తే ఆ ఇంటికి వెళ్తుంది. మీ సర్వేయరు ఒక గుమ్మం దిగి చెప్పులు తొడుక్కునేలోగా, కుర్చీ పెరటి దారిన పక్కింటికి చేరిపోయేది. ఇల్లు బోసిగా కనపడకూడదని దాని వెనకే సైకిలూ, గడియారమూ. మోసింది మా కోడలు. దానికి ఇప్పటికీ భుజం పట్టేసే ఉంది. నమ్మకపోతే ఎవర్నైనా పంపి చూసుకోండి.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క.: గడియారం ఆగిపోయి మూడేళ్ళయింది. క్రమశిక్షణ దానిది, మాది కాదు.

---

పెద్దమ్మ గారికి నమస్కారం.

మీ ఉత్తరం చదివి నేను నవ్వాను, మా ఆఫీసరు నవ్వలేదు. "ముసలమ్మ కథలు చెబుతోంది" అన్నారు. సోమవారం ఐదుగురు అధికారులు మీ గూడేనికీ, అటునుంచటే ఏటవతలి గూడేనికీ వస్తారు. నా మాట వినండి, ఆ ఒక్క రోజూ కుర్చీని కదపకండి.

ఇట్లు,
గుమాస్తా

తా.క.: మీ కోడలికి మరీ మరీ చెప్పండి.

---

బాబూ,

అలాగే. కుర్చీని మా ఇంట్లో గుంజకి కట్టేశాను. ఒట్టు.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క.: ఐదుగురా? ఉన్న ఒక్క కుర్చీకి ఐదుగురా?

---

పెద్దమ్మ గారూ,

ఏం చేశారమ్మా! రిపోర్టు నా ముందే ఉంది. ఇంటికి ఐదు చొప్పున నూట పది కుర్చీలు! మీ రేషన్ పూర్తిగా రద్దయింది. పైగా 'ఆదర్శ గ్రామం' అని బోర్డు కూడా పంపుతున్నారు. పదిహేడేళ్ళుగా ఈ కాగితాలే తిప్పుతున్నాను, నాకూ విసుగొచ్చింది. ఇంక నా చేతుల్లో ఏమీ లేదు.

ఇట్లు,
గుమాస్తా

తా.క.: మీ కోటా ఏటవతలి గూడేనికి రాశారు. అక్కడ ఒక్క కుర్చీ కూడా లేదట, మా అధికారులు బండరాళ్ళ మీద కూర్చున్నారట. నడుములు పట్టుకుని వచ్చి, వచ్చీరాగానే సంతకాలు పెట్టేశారు.

---

బాబూ,

కట్టిన కుర్చీని నేనే విప్పాను. ఐదుగురూ రొప్పుతూ, చెమటలు కక్కుతూ కొండెక్కి వచ్చారు. ఆ మొహాలు చూశాక చేతులు ఊరుకోలేదు. నిజం చెప్పొద్దూ, ముందురోజే ఏటవతలి వాళ్ళని అడిగి నాలుగు కుర్చీలు తెచ్చి ఉంచాను. వాళ్ళకున్నవీ ఆ నాలుగే. ఆ ఐదూ మళ్ళీ పెరటి దారినే, మీవాళ్ళకంటే ముందు ఇంటింటికీ చేరాయి. మేం తిరిగి పంపేలోగా మీవాళ్ళు అక్కడికి చేరిపోయారు.

నా మీద నాకే అసహ్యం వేసింది. నా పరువు కోసం ఇరవై రెండిళ్ళ నోటికాడి కూడు తీసేశాను. రెండు రోజులు ఎవరి మొహమూ చూడలేకపోయాను. మూడో రోజు ఏటవతలి వాళ్ళు బస్తాలు నెత్తిన పెట్టుకుని, మొలలోతు నీళ్ళు దాటి వచ్చారు. వచ్చిన గింజల్లో సగం మా గుమ్మాల్లో దించారు. "మా కుర్చీలు మీ దగ్గరుండబట్టేగా ఇవి మాకొచ్చాయి" అన్నారు. ఏడ్చేశాను బాబూ.

ఒక గూడెం తిండి ఇప్పుడు రెండు గూడేలం తింటున్నాం. పిల్లలకి రెండు పూటలా, పెద్దవాళ్ళకి ఒక పూట. కుర్చీలు పట్టుకెళ్ళండర్రా అంటే వాళ్ళు ముట్టుకోవడం లేదు, ఇంట్లో ఉంటే తామూ బాగుపడిపోతామని భయం. మీ బోర్డు చేరింది. రేకుది కాబట్టి కప్పు కారే చోట వేసుకున్నాం. ఈ ఉత్తరం చదివి చింపెయ్యండి.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క.: మీరెప్పుడైనా ఇటొస్తే నిలబడే మాట్లాడి వెళ్ళండి బాబూ, ఏమీ అనుకోకండి. మీ ఆఫీసువాళ్ళు కూర్చున్నప్పుడల్లా ఇక్కడ ఎవరో ఒకరు పస్తుంటున్నారు.