మట్టి పిట్టల లెక్క

బంగారుతల్లీ,

హాస్టల్లో వేళకి తింటున్నావా? ఫోన్‌లో చెబుదామంటే మీ నాన్న పక్కనే కూర్చుంటాడు, నాకు మాట రాదు. అందుకే ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాస్తున్నాను.

కాలేజీ దరఖాస్తులో లెక్కలే పెట్టావట. "బొమ్మల చదువంటే నానమ్మ బెంగతో మంచం పడుతుంది" అన్నావట మీ అమ్మతో. అది విన్నప్పటినుంచీ నాకు ముద్ద దిగడం లేదు.

"లెక్కల్లో అన్ని మార్కులు తెచ్చుకుని మట్టి పిసుకుతుందా?" అంటాడు మీ నాన్న. "ఆ మట్టయినా చెప్పిన మాట వింటుంది, మీరు వింటారా?" అంటుంది మీ అమ్మ. లెక్కలు నీకు ఇట్టే వస్తాయి, నిజమే. కానీ బొమ్మ ఎన్నిసార్లు విరిగినా విసుక్కోకుండా మళ్ళీ మట్టి తడుపుతావు.

నిన్న మధ్యాహ్నం కునుకు పట్టింది. కిటికీలో నువ్వు ఆరబెట్టి వెళ్ళిన మట్టి పిట్టలు ఒక్కొక్కటే లేచి, ఎండలో గదంతా ఎగురుతున్నాయి. నువ్వు నవ్వుతూ వాటిని లెక్కపెడుతున్నావు. నేనేమో ఎక్కడ పడి పగులుతాయోనని కింద కొంగు పట్టుకుని తిరుగుతున్నాను. మెలకువ వచ్చాక కూడా చాలాసేపు వాటికేసే చూస్తూ ఉండిపోయాను.

తల్లీ, లెక్కలు చదివితే నిద్ర మానేస్తావని నాకు బెంగ. బొమ్మలు నేర్చుకుంటే ఏం తింటావోనని బెంగ. రెండూ నేర్పే కాలేజీ ఒకటి ఉందట, అంత దూరం ఒక్కదానివే ఎలా పోతావోనని బెంగ. ఎటు పోయినా నాకిది తప్పదు. కాబట్టి నన్ను చూసి ఏదీ మానుకోకు. మార్చుకోవడానికి ఇంకా గడువుందట, నీకు కావాల్సిందే పెట్టు. బెంగపడే పని నాకు అలవాటే, అది నేను చూసుకుంటాను.

నీ నానమ్మ