దీపానికి అడ్డం

డెర్బీ, 3 నవంబరు 1772
మధ్యాహ్నం పన్నెండింటికే కిటికీ తలుపులు మూసి కొవ్వొత్తి వెలిగించాను. ఎదురుగా కమ్మరి జేబెజ్, వాడి కుక్క. డోర్కస్ ఎప్పటిలాగే మంటకు అడ్డంగా, నాకు వీపు చేసి కూర్చుంది. నా బొమ్మల్లో మంట కనపడకూడదు. దాని వెలుగు మాత్రం ఎదుటివాళ్ళ ముఖాల మీద పడాలి. అందుకు మధ్యలో నీడలా నల్లగా కనిపించే మనిషి ఒకరు కావాలి. పెళ్ళయిన పదకొండేళ్ళుగా ఆ మనిషి నా భార్యే. కదలదు, విసుక్కోదు. ఈరోజు మాత్రం దగ్గింది. కదలొద్దని కసిరాను.

19 నవంబరు
డోర్కస్ రుమాలులో రక్తం. కొవ్వొత్తి పొగ అసలు తగలకూడదన్నాడు డాక్టర్. వసంతం దాకా ఉంటే గొప్పే అని నాతో విడిగా చెప్పాడు.

2 డిసెంబరు
డోర్కస్ చెల్లెలు మార్జరీ వచ్చింది. అక్క బొమ్మ ఒకటి కావాలంది. ఇంట్లో ఉన్న ఆరూ చూపించాను. అదేంటి బావా, కమ్మరి ముఖం ఉంది, వాడి కుక్క ముఖం కూడా ఉంది, మా అక్కదేదీ అంది. నల్లటి వీపు చూపించాను. ఊరందరి ముక్కులూ గీశావు, కట్టుకున్నదాని ముక్కు ఎలా ఉంటుందో అసలు తెలుసా నీకు అంది. పోనీవే, ఆయన్నేమీ అనకు అని మంచం మీంచి డోర్కస్ నవ్వింది. ఆ నవ్వుకు మళ్ళీ దగ్గు వచ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది.

3 డిసెంబరు, ఉదయం పది
కిటికీలు బార్లా తీశాను. ఆమెను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాను. ఆమె ఉండగానే ఆ ముఖం గీయాలి.

అదే రోజు, మూడు గంటలు
చేతకాలేదు. పగటి వెలుగులో నీడ ఎక్కడ మొదలవుతుందో నాకు తెలియదు. కాన్వాసు మీద ఎవరో పాలిపోయిన పరాయి మనిషి. గీకేశాను.

11 డిసెంబరు
ఐదోసారి గీకేశాను. పోనీ కొవ్వొత్తి వెలిగించుకోండి, కాసేపు దగ్గకుండా ఉంటాలెండి అంది. నేను ఒప్పుకోలేదు అని రాసుకోగలిగితే ఎంత బాగుండేది. వెలిగించాను. నుదురు వచ్చింది, ముక్కు వచ్చింది. చాలా బాగా వచ్చాయి. అప్పుడు దగ్గు తెర మొదలైంది. ఇంకొక్క నిమిషం అన్నాను.

14 డిసెంబరు
డోర్కస్ పోయింది.

9 జనవరి 1773
కళ్ళు గీయకుండానే మిగిలిపోయిన ఆ ముఖాన్నే మార్జరీ పట్టుకెళ్ళింది. నేను జేబెజ్ కొలిమికి వెళ్ళాను. ఎదురుగా కూర్చున్నది నువ్వే కదా, ఆమె కళ్ళెలా ఉండేవో చెప్పమన్నాను. సుత్తి కింద పెట్టాడు. పొగకు ఒకటే నీళ్ళు కారేవండీ, మీకు చెప్పొద్దని నాకు సైగ చేసేది అన్నాడు.