మా అబ్బాయి ఎత్తు నాలుగంగుళాలు తగ్గించే విషయమై

ఉత్తర మైదానాల జూనియర్ హాకీ లీగు రిజిస్ట్రారు గారి సముఖమునకు,
పెల్లీఫోర్డ్ ఊరి మంచు హాకీ రింక్ కాపలాదారు ఒరెస్ట్ బోయ్‌చుక్ వ్రాసుకొన్న అర్జీ.
పెల్లీఫోర్డ్, సస్కాచెవాన్. బుధవారం.

అయ్యా,

విషయం: హార్లన్ బైసన్స్ జట్టు ఆటగాడు మార్కో బోయ్‌చుక్ (వయసు పద్దెనిమిది) పేరిట తమ జాబితాలో నమోదైన ఎత్తు, బరువులను సవరించుట, తత్ఫలితంగా అతణ్ణి మంచు మీది కొట్లాటల నుండి తప్పించుట గురించి.

తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు మార్కో నా కొడుకు. తమ జాబితాలో అతని ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు, బరువు రెండువందల పదిహేను పౌన్లు అని ఉన్నది. వాస్తవంలో ఐదడుగుల పదకొండు అంగుళాలు, నూట ఎనభై రెండు పౌన్లు. అదీ మొన్న క్రిస్మస్‌కి ఇంటికొచ్చి వాళ్ళమ్మ డార్లీన్ చేసిన పెరోగీ కుడుములు ముప్ఫై దాకా లాగించాక. తేడాలో మూడంగుళాలు నేను కలిపినవి. మిగతా అంగుళం ఎవరు కలిపారో జట్టువారినే అడగవలెను.

2. కలిపిన విధం: మూడేళ్ళ క్రితం జట్లు వంతులవారీగా పిల్లల్ని ఎంచుకునే డ్రాఫ్టుకి ముందు తమ కార్యాలయం నుండి ఒక ఫారం వచ్చినది. అప్పుడు వాణ్ణి స్కేట్లు తొడిగించి గోడకి నిలబెట్టి కొలిచాను. ఆట ముగిశాక చెమటకి తడిసిన ప్యాడ్లతో సహా తూచాను. ఈ చుట్టుపక్కల ఏ తండ్రీ కొడుకుని వట్టి కాళ్ళ మీద కొలవడు. పై ఊరి పాస్టరు ఒకాయన నిజాయితీగా వట్టి కాళ్ళ కొలత రాసి పంపితే, వాళ్ళబ్బాయి పేరు పదకొండు రౌండ్లలో ఒక్కరూ పిలవలేదు. ఇంకా పెరుగుతాడులే, అబద్ధం దానంతటదే నిజమవుతుంది అనుకున్నాను. వాడు సరిగ్గా ఆ ఏడే పెరగడం మానేశాడు.

3. జట్టు మేనేజరు గ్రాంట్ మెక్‌విట్టీ, పదవిలోకి వచ్చిన రోజునే, తన జట్టుని ఎవరూ తోయలేని జట్టుగా కడతానని పత్రికలో ప్రకటించి యున్నాడు. ఆ ప్రకారం డ్రాఫ్టులో పొడుగూ లావూ చూసి ఏరుకున్నాడు. ఇక ఎదురు నిలబడి కొట్లాడేవాడు ఒకడు కావాలి. అందుకు ఏ జట్టుకీ కట్టుబడి లేని కోల్టన్ రెంపెల్ అనే ఇరవయ్యేళ్ళవాణ్ణి తెచ్చుకోబోయాడు. అతడు వట్టి కాళ్ళ మీదే ఆరడుగుల ఐదంగుళాలు. కానీ రెంపెల్ మూస్‌ల్యాండింగ్ జట్టుతో సంతకం చేశాడు. ఆ ఖాళీలో నా కొడుకుని నిలబెట్టారు. అక్టోబరు నుండి వాడు మంచు మీద గ్లవ్స్ పడేసి ముష్టియుద్ధానికి దిగినవి పదకొండు సార్లు. కొట్టిన గోలు ఒకటి. చిన్నప్పుడు వాడు గోలు ముందు తాను కొట్టకుండా పక్కవాడికి పక్ బిళ్ళ అందించి మురిసిపోయే పిల్లవాడని ఈ ఊరంతా సాక్ష్యం చెప్పగలదు.

4. గత ఆదివారం ఫోను చేశాడు. సంభాషణ యథాతథంగా:

"నాన్నా, అమ్మ ఏం వండింది?"

"బోర్ష్ట్ రా."

"ఓహ్. ఇక్కడ చలి బానే ఉంది. అమ్మ ఏం వండింది?"

"బోర్ష్ట్ అన్నాను కదరా."

"అవునవును. లైటు ఆపేసుకుని కూచున్నా నాన్నా, కళ్ళు లాగుతున్నాయి. అంతే, ఏం లేదు. ఇంతకీ అమ్మ ఏం వండింది?"

నేను మూడోసారీ బోర్ష్ట్ అనే చెప్పాను. ఇంకేం చెప్పమంటారు? ఫోను పెట్టేశాక తమ నిబంధనలూ, తమరు ప్రకటించిన గాయాల పట్టీ తీసి చూశాను. తలకి దెబ్బ తగిలితే లీగుకి తెలియజేయవలెనని తమ నిబంధన. జట్టువారు తెలియజేసింది "స్వల్ప జలుబు" అని.

5. సోమవారం హార్లన్ వెళ్ళి మెక్‌విట్టీని కలిశాను. కుర్రతనంలో ఇద్దరం ఒకే జట్టులో ఆడాం, అందుచేత మా మాటల్లో మర్యాద లోపించినది, మన్నించవలెను. నేను ఎత్తు విషయంలో అబద్ధం రాశానని ఒప్పుకున్నాను. మెక్‌విట్టీ నవ్వాడు.

"మాకు కళ్ళు లేవనుకున్నావట్రా ఒరెస్ట్? ప్రతి నాన్న రాసినదాంట్లోంచీ మూడంగుళాలు తీసేసే చదువుతాం. నీవాడు పొడుగోడు కాదని మొదటి రోజే తెలుసు."

"మరి ఎందుకు తీసుకుని ఏడ్చావు?"

వాడు బీరువాలోంచి నా ఫారం నకలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదిగో, పద్నాలుగో ప్రశ్న. 'అవసరమైతే గ్లవ్స్ పడేస్తాడా?' మిగతా నాన్నలంతా 'చూద్దాం', 'కోచ్ ఎలా అంటే అలా' అని నసిగారు. నువ్వొక్కడివే 'సంతోషంగా' అని రాశావు. కింద గీత కూడా గీశావు. పొడుగోళ్ళకేంరా, బోలెడుమంది దొరుకుతారు. కొడుకు మొహం పగిలినా నాన్న ఫోన్ చేసి గోల పెట్టని ఇల్లు దొరకడమే కష్టం."

అయ్యా, నన్ను చూసి నా కొడుకుని తీసుకున్నారు. వాడికి పదిహేనేళ్ళు అప్పుడు. ఆ ప్రశ్న వాణ్ణి అడగనైనా లేదు నేను. ఆ మొహంతో వాడి గడప తొక్కలేక తిరిగొచ్చేశాను.

6. ఈ శనివారం మూస్‌ల్యాండింగ్‌తో ఆట ఉన్నది. రెంపెల్ ఆడుచున్నాడు. వాడికి ఎదురు ఎవరిని నిలబెడతారో తమకు విడమర్చి చెప్పనక్కరలేదు.

కావున ఎత్తును, బరువును, పద్నాలుగో ప్రశ్నకు నా జవాబును తక్షణం కొట్టివేసి, సదరు ఆటగాణ్ణి బయటి డాక్టరుచే పరీక్ష చేయించి, అంతవరకు మంచు మీదికి దింపరాదని ఉత్తర్వు దయచేయించవలెను. తప్పుడు కొలతలకు శిక్ష ఏదైనా ఉంటే అది నాకు వేయవలెను, వాడికి కాదు. రాసినవాడి సిగ్గుతో సహా ఈ కాగితాన్ని తాము చిత్తగించవలెను.

ఇట్లు,
ఇన్నేళ్ళూ విధేయత ఎక్కువైన తమ విధేయుడు,
ఒరెస్ట్ బోయ్‌చుక్

తా.క.: డార్లీన్ ఇదంతా చదివింది. "ఆఫీసులో కూచునే ఆయనకి ఇన్ని పేజీలు రాశావు, బానే ఉంది. 'సంతోషంగా' అని రాసింది నువ్వేనని వాడికి తెలుసా?" అంది. తెలియదు. తనలో ఏదో చూసి తీసుకున్నారనుకుంటున్నాడు వాడు. "నాలో ఏం చూశారో గానీ నాన్నా, వాళ్ళ పరువు తీయకూడదు" అంటాడు ప్రతిసారీ. ఆవిడ ట్రక్కు తాళాలు నా ఒళ్ళోకి విసిరింది. హార్లన్‌కి బయల్దేరుతున్నాను, రెండున్నర గంటల దారి. ఆ రాత నాదేనని వాడి ఎదురుగా చెప్తాను. విన్నాక నాతో బండెక్కితే తమ జాబితాలోంచి వాడి పేరు తీసేయండి. నా మొహం చూడనని ఎక్కకపోతే, శనివారం వాడు గ్లవ్స్ పడేసిన మరుక్షణం మంచు మీదికి నేనే దిగుతాను. తండ్రి దిగితే ఏ నిబంధన కింద ఎంత శిక్షో ముందే చూసి పెట్టుకోండి.