మిత్వల్లీ కొట్టు ముందు వరుస

ఇస్మాయిలియా,
12 మార్చి 1976

నఫూసా అక్కా, నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు.

పటాలం నుంచి వచ్చాక పెట్టిన తామియా వడల బండి ఏదో నడుస్తోంది. నాతోపాటే పటాలంలో పనిచేసిన మిత్వల్లీ ఎదురుగా పెట్టిన బండి మాత్రం ఏడాదిలోనే కొట్టయింది. వడలు నావే రుచి. అయినా జనం అక్కడే వరుస కడతారు. మన సైన్యం కాలువ దాటిన 73 యుద్ధంలో వాడి కాలు పోయింది కదా, అందుకని. నాకూ ఒక కాలు పోయుంటే బాగుండునని ఒకరోజు అనుకున్నాను. ఈ మాట అమ్మకు చెప్పకు.

నిన్న పొద్దున ఉండబట్టలేక అందరి ముందూ అనేశాను. "నీకేంరా, కాలు చూపించి వడలు అమ్ముకుంటున్నావు!"

వరుసలో అందరూ నావైపు తిరిగి గుర్రుగా చూశారు. మిత్వల్లీ మాత్రం నవ్వాడు. "నిజమేరా షహాతా. కానీ ఈ ఒంటికాలితో పొద్దస్తమానం మూకుడు దగ్గర నిలబడలేకపోతున్నా. నీ చేతి వడ ముందు నాదెంత? బండి ఎత్తేసి ఇటు వచ్చెయ్, కలిసి నడుపుదాం. బోర్డు మీద నీ పేరే ముందు రాయిస్తా" అన్నాడు.

నేను తిరిగి నా బండి దగ్గరికి వచ్చేశాను. ఇన్నాళ్లూ వాడి గిరాకీ చూసి కుళ్లుకున్నాను. నిన్నటి నుంచి వాడి మనసు చూసి కుళ్లుకుంటున్నాను, ఇది ఇంకా ఎక్కువ మండుతోంది. ఒప్పుకోమంటావా? బావను కూడా అడిగి వెంటనే రాయి.

గేదె ఈనిందా? అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? ఇటు వచ్చేవాళ్లుంటే మన పొలం జీలకర్ర రెండు సంచులు పంపు. నా వడల్లో వేసే ఆ జీలకర్ర ఎక్కడిదో మిత్వల్లీ ఎన్నిసార్లు అడిగినా నేను చెప్పలేదు. ఈసారి ఒక సంచీ వాడికిస్తాను.

అమ్మ చేతికి నా ముద్దు. నీ పిల్లలను దేవుడు చల్లగా చూడాలి.

నీ తమ్ముడు,
షహాతా