గరుకు పలక

బాపూ,

ఇవాళ రామన్నపేటలో నీ ఏడాది మాసికం. నేను వెళ్లలేదు. హైదరాబాద్ ల్యాబులో మూలకణాలు చూస్తున్నాను. అవి ఇంకా ఏదీ కాని కణాలు, ఎముకైనా కొవ్వైనా కాగలవు. కొన్నింటిని నున్నటి పలక మీద, కొన్నింటిని గరుకు పలక మీద పెంచాను. తిండీ వెచ్చదనమూ రెండింటికీ ఒకటే.

మనింట్లో తమ్ముడికి దూది బొంత, నాకు గోనెపట్ట. గుచ్చుకుంటోందని ఏడిస్తే మగ్గం గుంతలోంచే అనేవాడివి: "గంజి పెట్టినంక గరుకు కుంచె దెబ్బ తినని పోగు మగ్గమెక్కంగనే తెగుతది. ఆడిపిల్ల గూడ గంతే."

నీ మాటే నెగ్గింది. గరుకు పలక మీద కణాలు ఏ మందూ లేకుండానే ఎముకగా మారుతున్నాయి. నున్నటి పలక మీదివి ఏమీ కాలేదు, నీ కొడుకులాగే. వాడు నీ మగ్గాన్ని పొయ్యి కట్టెల కింద అమ్మేశాడు.

పొద్దున అమ్మ ఫోన్ చేసింది. "రాకపోతె రాకపోతివి, జర బాపును తలుసుకొని ఒక్కసారన్న ఏడువు బిడ్డా" అంది.

ఫోన్ పెట్టేసి, కళ్ల మీద అరచేతులు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చేతులు తడవలేదు.

పని బాగా చేశావు బాపూ.

నీ బిడ్డ