అడుగున చీమతలకాయంత అక్షరాలు

తమ్ముడూ,

అన్నం కుక్కర్లో ఉంది, తిన్నాక గిన్నె నానబెట్టు. బకెట్లో తడిబట్టలున్నాయి, ఆరెయ్యి.

నువ్వు చేసిన, క్రిప్టో డబ్బు పంపే యాప్ రాత్రి చూపించి "అర్థమైందా అక్కా?" అంటే తలూపాను కదా, అది నిద్ర తన్నుకొస్తుంటే ఊపిన తల. "నీకే అర్థమైతే ఇంకెవరికైనా అర్థమవుతుంది" అని మురిసిపోయావు. రోజంతా కుట్టుమిషన్ తొక్కొచ్చినదాన్ని, ఏం వాదించను? దాన్ని వాడేవాళ్ళూ నాలాగే నిద్రకళ్ళతో నొక్కుతారురా. ఒకసారి పంపిన డబ్బు మళ్ళీ వెనక్కి రాదన్న మాటని అడుగున చీమతలకాయంత అక్షరాల్లో పెట్టావు. దాన్ని పైకి తెచ్చి పెద్దగా రాయి. అప్పటిదాకా ఎవరి చేతికీ ఇవ్వకు.

అక్క

అసలు మాట అడుగున ఇరికించే జబ్బు నాకూ ఉంది: నీ కళ్ళు నాకంటే ఎర్రగా ఉన్నాయి. ఇవాళ ఆ కంప్యూటర్ కట్టేసి పడుకో.