డబ్బా పాలు, నీ పేరు

అవ్వా,

ఈ రోజు ప్రొద్దుటూరులో పాపను ఉయ్యాలలో వేశాం. నీ పేరే పెట్టాం. నా పాలు మాన్పించి డబ్బా పాలు పట్టాలని నేనే నిర్ణయించుకున్నాను. ఎందుకని అడిగితే చెప్పేదాన్నే, ఎవరూ అడగలేదు. నీ కూతురు, మా మేనత్త, అందరి ముందూ, "డబ్బా పాలు తాపుతాండావే, ఏం తల్లివే నువ్వు?" అనేసింది.

మధ్యాహ్నం మగతగా పడుకుని ఉంటే పాప ఏడుపు వినిపించింది. కళ్లు సగం తెరిచి చూశాను. ఆ మేనత్తే పాపను ఒళ్లో వేసుకుని సీసా పట్టిస్తోంది. పాపకు పెట్టిన తన కన్నతల్లి పేరు నోటితో పలకలేక, "తాగమ్మా, ఇంగొంచెం తాగమ్మా" అని బతిమాలుతోంది. నీ చివరి రోజుల్లో చెంచాతో పాలు పోస్తూ నిన్నూ అచ్చం ఇట్లాగే బతిమాలేది.

నువ్వు తాగుతున్నావులే అనుకుని మళ్లీ కళ్లు మూసుకున్నాను.